బంతి వినపడే ఎత్తు

ఆ మైదానంలో గడ్డిని చూస్తే ఎవరికైనా చెప్పులు విప్పి నడవాలనిపించేది. వేడి కాలంలో చెలరేగి పెరిగి, చలి కాలంలో రంగు మాసి నిద్రపోయే రకం అది. తీగలు ఒకదాని మీద ఒకటి అల్లుకుపోయి మట్టి అన్నది కంటపడనిచ్చేది కాదు. పొద్దున్నే నడకకు వచ్చే పెద్దవాళ్లు కంచె దగ్గర ఆగి, "పరుపులా పెంచావమ్మా" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మైదానం చూసుకునే ఆవిడ, ఏమీ విననట్టు నీళ్ల పైపు చుట్టుకుంటూ, లోలోపల పొంగిపోయేది.

ఆవిణ్ణి అక్కడ చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలిచేవారు. నిజానికి ఆవిడ ఒక్కరికే అక్క. ఆ చెల్లెలికి పసితనంలో వచ్చిన జ్వరం చూపును తీసుకుపోయింది గానీ నోటి జోలికి మాత్రం పోలేదు. చెల్లెలు ఒక పెద్ద కంపెనీలో ఫోన్లు ఎత్తి ఎవరి కాల్ వాళ్లకి కలిపే ఉద్యోగం చేసేది. సెలవు రోజుల్లో చూపులేని అమ్మాయిల క్రికెట్ జట్టుకు కెప్టెన్. ఆ జట్టు సొంత మైదానం ఇదే.

వాళ్ల ఆటలో బంతి గట్టి ప్లాస్టిక్‌తో చేసింది. లోపల చిన్న చిన్న ఇనుప గోళీలుంటాయి. బౌలర్ దాన్ని నేల మీదే దొర్లిస్తుంది. బ్యాట్ పట్టిన అమ్మాయి గలగలను బట్టి కొడుతుంది. మిగతావాళ్లు ఆ చప్పుడు వెంట పరిగెత్తి, నేల మీద ఒంటిని అడ్డం వేసి బంతిని ఆపుతారు. చప్పుడు ఆగిపోయిందంటే వాళ్ల మటుకు బంతి ఈ లోకంలో లేనట్టే.

ఆ రోజు సరదాకి పెట్టుకున్న మ్యాచ్‌లో సరిగ్గా అదే జరిగింది. అవతలి జట్టు అమ్మాయి బంతిని మెల్లగా పక్కకు తోసింది. బంతి గడ్డిలోకి దిగి, రెండు మూడుసార్లు గలగలమని, గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. చెల్లెలు అటే పరిగెత్తి, మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో గడ్డిని తడమడం మొదలుపెట్టింది. బంతి ఆమె ఎడమ చేతికి జానెడు దూరంలో ఉంది. అవతలివాళ్లు పరుగుల మీద పరుగులు తీస్తున్నారు. చూపున్నవాళ్లు బయటినుంచి చెప్పకూడదని నియమం. పనిముట్ల షెడ్డు గుమ్మంలో నిలబడ్డ అక్క పెదవి కొరుక్కుంటూ, తను పెంచిన పరుపు మీద చెల్లెలు పిల్లిలా పాకడం చూస్తూ ఉండిపోయింది.

అక్కాచెల్లెళ్లు మేడమీద రెండు గదుల్లో అద్దెకుండేవారు. ఆ రాత్రి భోజనం దగ్గర చెల్లెలు ఏ మొహమాటమూ లేకుండా అనేసింది.

"అక్కా, నీ గడ్డి బంతిని మింగేస్తోంది."

"ఊళ్లో వాళ్లందరికీ నచ్చింది, నీకే నచ్చలేదా?"

"వాళ్లకేం, కళ్లతో చూసి పోతారు. నాకు చెవితో పని."

అక్క మూతి ముడుచుకుంది. చెల్లెలు చెప్పింది నిజమని తెలుసు కాబట్టే ఆవిడకి అంత కోపం వచ్చింది. ఏళ్ల తరబడి నీళ్లు పెట్టి, కలుపు ఏరి, ఎండకి మాడి పెంచుకున్న గడ్డి, తన చెల్లెలికే అడ్డం పడుతోందంటే ఆవిడ మనసు ఒప్పుకోవడానికి మొరాయించింది.

ఇంతలో కోచ్ ఒక కబురు మోసుకొచ్చింది. కోచ్ పొట్టిగా ఉండే మనిషి, గొంతు మాత్రం మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి వినపడుతుంది. ఈసారి టోర్నమెంటు ఫైనల్ ఈ మైదానంలోనే పెట్టాలనుకుంటున్నారట. కాకపోతే ముందుగా నిర్వాహకులు వచ్చి బంతి దొర్లించి చూస్తారు, చప్పుడు సరిగ్గా వినపడకపోతే మరో చోటికి మార్చేస్తారు. మన జట్టు ఫైనల్‌కి వెళ్లడం ఖాయం, కానీ సొంత నేల మీద ఆడతామా లేదా అన్నది అక్క చేతిలో ఉందని చెప్పి కోచ్ వెళ్లిపోయింది.

అక్కకి ఇక కాలు నిలవలేదు. ఆ మధ్యాహ్నమే గడ్డి కోసే మిషన్ బయటికి లాగింది. ఎంత ఎత్తున కోయాలో నిర్ణయించే మీట దానికి పక్కనే ఉంటుంది. దాన్ని అన్నిటికంటే కింది గాడిలోకి నొక్కేసింది. మిషన్ మూలిగింది. గడ్డి మేటలు కట్టి బ్లేళ్లకు చుట్టుకుపోయింది. ఆవిడ ఆపి, పీకి పారేసి, మళ్లీ తోసింది. చెల్లెలి మాట నెగ్గించాలన్న పట్టుదల కొంత, ఆ మాట మీది కోపం కొంత, రెండూ కలిసి ఆవిణ్ణి పొద్దువాలేదాకా తిప్పాయి.

తెల్లారి వచ్చి చూసేసరికి ఆవిడ కంచె దగ్గరే ఆగిపోయింది. మైదానం మైదానమంతా ఎండుగడ్డి రంగులో ఉంది. ఇన్నాళ్లూ పచ్చదనం పైపైనే ఉండేదని, వెలుతురు తగలని కింది కాడలన్నీ పసుపుపచ్చగా ఉండేవని అప్పుడు తెలిసింది. ఆకంతా ఒక్క దెబ్బతో పోయి ఆ కాడలే మిగిలాయి. నేల ఉబ్బెత్తుగా ఉన్నచోట బ్లేడు మట్టినే గీరేసి నల్లటి మచ్చలు చేసింది. నడకకు వచ్చినవాళ్లలో ఒకాయన ఇదేం తెగులమ్మా అని జాలిపడ్డాడు. ఇంకొకావిడ గుండు కొట్టించావేంటి అని నవ్వింది. అక్కకి తల కొట్టేసినట్టయింది. షెడ్డులోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంది.

సాయంత్రం జట్టు ప్రాక్టీసుకు వచ్చింది. మొదటి బంతి దొర్లగానే చెల్లెలు మొహం వెలిగిపోయింది. అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదంది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. కొట్టిన బంతి కొట్టినట్టే, గచ్చు మీద జారినట్టు జారి, హద్దు తాడు దాటి పోతోంది. చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో పోల్చుకునేలోపే అది ఇంకెక్కడో ఉంటోంది. ఒకసారి ఎలాగైనా ఆపాలని చెల్లెలు ఒళ్లు విసిరేసింది. అడుగున మెత్తదనం లేదు. మోచేతినుంచి మణికట్టుదాకా చర్మం లేచిపోయింది.

షెడ్డు ముందు కుళాయి దగ్గర అక్క ఆ చెయ్యి కడిగింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రాసుకుంది. చెల్లెలికి కనపడదు గానీ అక్క ఊపిరిని బట్టి అన్నీ తెలిసిపోతాయి.

"ఏడవకక్కా. నిన్నటిదాకా బంతి వినపడేది కాదు. ఇప్పుడు వినపడుతోంది, అందట్లేదు. ఈ రెండిటికీ మధ్యన ఎక్కడో ఉంటుంది కదా మనకి కావలసింది. అదేదో వెతుకు."

అక్క మర్నాడు తనకి పని నేర్పిన మొక్కల నర్సరీ ఆవిడ దగ్గరికి వెళ్లింది. పెద్దావిడ చేస్తున్న పని వదిలేసి, స్కూటరు మీద వెనక కూర్చుని వచ్చేసింది. మైదానం మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని గుప్పిట పట్టి లాగి చూసింది. వేరు కదల్లేదు. బతికే ఉందంది. ఆ తర్వాత తిట్లు మొదలుపెట్టింది. గడ్డి తినేది ఆకుతోనే, ఆ ఆకంతా ఒక్కసారే లాక్కుంటే అది దేంతో బతకాలి, ఒక కోతలో మూడో వంతుకి మించి తియ్యొద్దని చెప్పానా లేదా అని అడిగింది.

"చెప్పారు," అంది అక్క.

"చెప్పాను. నువ్వు విన్లేదు. ఇప్పుడు విను."

ఈ రకం గడ్డికి పొట్టిగా ఉండటమే ఇష్టమని పెద్దావిడ చెప్పింది. కాకపోతే దాన్ని బుజ్జగించి దించాలి. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ కోస్తూ పోతే వెలుతురు లోపలికి దిగి, కింది కాడలకు కూడా ఆకు పుడుతుంది. అప్పుడు పొట్టిగానూ ఉంటుంది, పచ్చగానూ ఉంటుంది. బ్లేళ్లు సాన పట్టించాలి, మొద్దు బ్లేడు కోయదు, చింపుతుంది. అన్నిటికంటే ముందు, గడ్డి కోలుకునేదాకా ఆ మిషన్ జోలికి పోకూడదు.

అలా దాని జోలికి పోకుండా ఉండటమే అక్కకి అన్నిటికంటే కష్టమైంది. చేతులు ఊరుకోక వేరే పనులు పెట్టుకుంది. అల్లికల మధ్య పేరుకుపోయిన చచ్చిన చెత్తను పళ్ల దంతెతో గీకి బండ్లకొద్దీ బయటపడేసింది. బంతి దిగబడేది ఆ మెత్తటి చెత్తలోనేనని గీకుతుంటే అర్థమైంది. గుంటలున్న చోట జల్లించిన ఇసుక చల్లి చీపురుతో సర్దింది. నీళ్లు రోజూ పైపైన చిలకరించకుండా, కొన్నాళ్లకొకసారి వేళ్లదాకా దిగేట్టు పెట్టింది. ఎండలు కూడా కలిసొచ్చాయి. ఈ గడ్డికి వేడే బలం.

అలా ఉండగా మైదానం మేనేజరు వచ్చాడు. మంచివాడే కానీ ఎవరు ఏమంటారోనని ఎప్పుడూ భయపడుతుంటాడు. మైదానాన్ని చూసి నీళ్లు నమిలాడు. నిర్వాహకులు వచ్చి కాదనకముందే మనమే మ్యాచ్ వేరేచోట పెట్టుకోమంటే పరువు దక్కుతుందేమో అన్నాడు. అక్క దంతె నేలకు ఆనించి నిటారుగా నిలబడింది.

"మ్యాచ్ ఇక్కడే జరుగుతుందండి. గడ్డికి నాది పూచీ."

అనేసిన తర్వాత ఆవిడకి కాస్త భయం వేసిన మాట నిజం. కానీ ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. మేనేజరు ఇసుక ఇంకా కావాలా అని అడిగి వెళ్లాడు.

మచ్చలు మూసుకుపోయి, నేలంతా మళ్లీ లేత పచ్చగా తిరిగాక, అక్క మైదానం మూలన మూడు పట్టీలు గీసింది. ఒకటి అంగుళం లోపు, ఒకటి అంగుళం మీద కొంచెం, ఒకటి రెండంగుళాలు. సాన పట్టించిన మిషన్ ఇప్పుడు మూలగడం లేదు, కత్తెర బట్టను కోసినట్టు సన్నగా చప్పుడు చేస్తోంది. ఒక్కో పట్టీని దాని ఎత్తుకి మెల్లమెల్లగా దించుకుంటూ వచ్చింది. తర్వాత జట్టుని పిలిచింది. ఏ పట్టీ ఏదో చెప్పలేదు.

అమ్మాయిలు వరసగా నిలబడి చెవులు రిక్కించారు. పొడుగు పట్టీ మీద బంతి సగం దూరం పోకముందే గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. అందరూ ఒక్కసారే తలలు అడ్డంగా ఊపారు. అన్నిటికంటే పొట్టి పట్టీ మీద చప్పుడు గణగణమంది గానీ ఆగడమన్నది లేదు. చెల్లెలు దాని మీద అరచెయ్యి వేసి రాసి, "నాన్న గడ్డం గీసుకున్న మర్నాడు చెంప ఇలాగే ఉండేది" అంది. మధ్య పట్టీ మీద బంతి చివరిదాకా మాట్లాడుతూ పోయింది. మెల్లమెల్లగా నడక తగ్గించి, ఆఖరున ఒక్క గలగల చేసి, ఎక్కడ ఆగిందో చెప్పి మరీ ఆగింది.

"మళ్లీ దొర్లించు," అంది చెల్లెలు. మళ్లీ విన్నాక, "ఇంకోసారి" అంది.

చివరికి తేల్చింది. ఇదే, కానీ ఇంకొంచెం పొట్టిగా ఉంటే ఆ ఆఖరి గలగల ఇంకా తేటగా వినపడుతుంది. అక్క ఒప్పుకోలేదు. ఈ ఎండల్లో ఇంకా దించితే వేళ్లు పైకి వచ్చేస్తాయని, వారం తిరిగేసరికి మళ్లీ ఎండుగడ్డి రంగు తేలుతుందని వాదించింది.

"ఆడేది నేను," అంది చెల్లెలు.

"పెంచేది నేను," అంది అక్క.

జట్టంతా నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పడనివ్వకుండా కాసేపు కీచులాడుకున్నారు. ఆఖరికి అక్కే దారి చూపింది. ఎత్తు మీట ఒక్క పిసరు మాత్రమే దించుతుంది, దానికి బదులు కోత రోజు విడిచి రోజు కోస్తుంది. ప్రతిసారీ చిగుళ్లు మాత్రమే తెగుతాయి కాబట్టి గడ్డి బెదరదు, చప్పుడూ మారదు. పని మాత్రం రెట్టింపవుతుంది. ఆ సంగతి ఆవిడ పైకి అనలేదు, చెల్లెలికి చెప్పనక్కర్లేకపోయింది.

పడమటి గోడ నీడ పడే చోట మాత్రం మీట ఒక గాడి పైకే ఉండాలంది అక్క. ఎండ తక్కువైన గడ్డికి ఆకు ఎక్కువ కావాలి. అక్కడ చప్పుడు మారిపోతుందని చెల్లెలు వెంటనే పసిగట్టింది. కోచ్ వచ్చి తాడును ఆ నీడకి ఇవతలగా జరిపించడంతో ఆ గొడవ తీరిపోయింది.

నిర్వాహకులు వచ్చి నాలుగు వైపులా బంతి దొర్లించి చూశారు. ఒకాయన కళ్లు మూసుకుని విన్నాడు. ఇక్కడే అన్నారు.

ఫైనల్ రోజు అక్క తెల్లవారుతుండగానే ఆఖరి కోత కోసి, షెడ్డు గుమ్మంలో తన చోట తను నిలబడింది. అవతలి జట్టు గట్టిది. ఈ జట్టు చేసిన పరుగులు మరీ ఎక్కువేం కావు. రెండో సగంలో అవతలివాళ్లు ఒక్కొక్కటే తీసుకుంటూ దగ్గరికి వచ్చేశారు. అయితే అక్క పరుగుల లెక్క చూడటం లేదు. పొద్దుటినుంచి ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ ఒక్కరు కూడా మోకాళ్ల మీద పడి బంతిని తడుముకోలేదు. బంతి ఎటు పోతే అటు తలలు తిరుగుతున్నాయి, కాళ్లు కదులుతున్నాయి. అది చూస్తుంటే, గెలుపు ఓటమి తేలకముందే, ఆవిడ ఛాతీ నిండిపోయింది.

ఆఖరి బంతికి అవతలివాళ్లకి రెండు పరుగులు కావాలి. వాళ్ల కెప్టెన్ బంతిని నేల బారున బలంగా పక్కకు ఊడ్చింది. అది చెల్లెలున్న వైపే. మైదానమంతా నిశ్శబ్దమైపోయింది. అక్క తనకి తెలియకుండానే కళ్లు మూసుకుంది. మూసుకుంటే చెల్లెలికి వినపడేదే తనకీ వినపడింది. గలగలమంటూ బంతి దగ్గరవుతోంది, నడక తగ్గుతోంది, ఇదిగో, ఇక్కడ. ధబ్బున ఒళ్లు నేలకి తాకిన చప్పుడు. ఆ తర్వాత కోచ్ కేక. కళ్లు తెరిచేసరికి చెల్లెలు విసిరిన బంతి వికెట్ కీపర్ చేతికి చేరిపోయింది, రెండో పరుగుకి వస్తున్న అమ్మాయి ఇంకా దారిలోనే ఉంది, వికెట్లు పడిపోయాయి.

మరొక్క పరుగు తీసి ఉంటే అవతలివాళ్లు గెలిచేవారు, ఒక్క పరుగుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి లెక్క సమానమైంది. సమానమైతే వికెట్లు తక్కువ పోగొట్టుకున్న జట్టుదే గెలుపని ముందే నియమాల్లో రాసుకున్నారు కనుక కప్పు ఇటే వచ్చింది. అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి గోల గోల చేశారు. చెల్లెలు లేచి, రెండు మోచేతులూ తడిమి చూసుకుని, ఎక్కడా గీరుకోలేదని అందరికీ చాటింది.

చేతులు కలిపే వేళ అవతలి కెప్టెన్ ఒక ప్రశ్న అడిగింది. తను చాలా మైదానాల్లో ఆడిందట, బంతి ఆఖరిదాకా ఇలా వినపడటం ఇక్కడే చూసిందట. ఈ గడ్డి ఎవరు కోస్తారని అడిగింది.

"మా అక్క," అంది చెల్లెలు, ఆ గొంతు కోచ్ గొంతుని మించిపోయింది. "ఎంత ఎత్తున కోయాలో ఎవర్నైనా అడుగు, పుస్తకంలో ఉన్నది చెప్తారు. మా అక్క మా చెవుల్ని అడిగి కోసింది."

అక్కని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అందరి మధ్యా నిలబెట్టారు. అవతలి కెప్టెన్ బూట్లు విప్పి, అరికాళ్లు ఆనించి, వంగి గడ్డిని నిమిరింది. ఎంత ఎత్తని అడిగింది. అంగుళం మీద ఓ పిసరు అని అక్క చెప్పింది. మా మైదానంవాడికి చెప్తానని ఆమె అంటే, అక్క గబుక్కున ఆపింది.

"చెప్పమ్మా, కానీ ఒక్కరోజులో మాత్రం దించొద్దని చెప్పు. ఆ తప్పు నేనొకసారి చేసేశాను, ఇంకెవరూ చెయ్యనక్కర్లేదు."

అమ్మాయిలు నవ్వారు. నర్సరీ పెద్దావిడ జనం వెనకాల నిలబడి, ఇప్పటికి విన్నది అన్నట్టు తలాడించింది. మేనేజరు కప్పుతో ఫోటో తీయిస్తూ అక్కని కూడా చివర నిలబడమన్నాడు. చెల్లెలు చివరెందుకని అడిగి, ఆవిణ్ణి తెచ్చి తన పక్కనే పెట్టుకుంది.

ఎండ తగ్గాక అందరూ వెళ్లిపోయారు. మేనేజరు ఒక్కడు వెనక్కి వచ్చి, పొడుగ్గా ఉన్నప్పుడు చూపుకి బాగుండేదని నడకకొచ్చేవాళ్లు అనుకుంటున్నారు, మళ్లీ పెంచేద్దామా అని నెమ్మదిగా అడిగాడు. జట్టు ఆడినంతకాలం ఇదే ఎత్తని అక్క చెప్పేసింది. చూపుకి బాగుండాలంటే గోడ పక్కన నీడలో ఉన్న గడ్డిని చూసుకోమంది. ఆయన నవ్వి సరేనన్నాడు.

ఆవిడ పైపు తీసుకుని మైదానంలోకి నడిచింది. ఒళ్లు పడిన చోటల్లా గడ్డి ఒత్తుకుపోయి ఉంది, బూట్లు తొక్కిన చోట కాస్త చెదిరి ఉంది. ఒక్కొక్క చోటా ఆగి, వేళ్లతో గడ్డిని పైకి దువ్వి, నీళ్లు పట్టింది. చెల్లెలు బంతిని ఆపిన చోట మాత్రం కాసేపు ఎక్కువగానే నిలబడింది. అక్కడ గడ్డి పడుకుంది గానీ ఒక్క కాడ కూడా విరగలేదు.

షెడ్డు మెట్టు మీద కూర్చున్న చెల్లెలు ఆకలేస్తోందని మూడోసారి అరిచింది.

"వస్తున్నానే," అంటూ అక్క రెండో పక్కకి కూడా నీళ్లు తిప్పింది.